పాత విమాన ఇంజిన్ల వ్యాసాల్లో కొలతలు: ఏది ముందు రాయాలి, ఏది బ్రాకెట్లో పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతూ మీరూ మీ స్నేహితులూ కలిసి రెండు ప్రపంచ యుద్ధాల కాలంనాటి విమాన ఇంజిన్ల మీద తెలుగులో వరస వ్యాసాలు రాస్తున్నారు. ఒకరు హార్స్‌పవర్ ముందు రాసి కిలోవాట్లు బ్రాకెట్లో పెట్టారు. ఇంకొకరు దాన్ని తిరగేశారు. మూడో వ్యాసంలో అంగుళాల ఊసే లేదు. మెర్లిన్ ఇంజిన్ గురించి రాసిన చోట "26.9895 లీటర్లు, 768.071 కిలోవాట్లు" అని వచ్చింది. "మనది మెట్రిక్ దేశమే కదా, అన్నీ మెట్రిక్‌లోకి మార్చేస్తే సరిపోదా? లేదంటే ఏ పద్ధతి పట్టుకోవాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇంజిన్ గీసినవాళ్ళు ఏ ప్రమాణంలో గీశారో అది ముందు రాయండి. బ్రాకెట్లో ఒకే ఒక్క మార్పిడి ఇవ్వండి. వ్యాసం మొదలు నుంచి చివరిదాకా ఆ వరస మార్చకండి. బ్రాకెట్లోని అంకె అసలు అంకె కంటే ఎక్కువ కచ్చితంగా కనబడకూడదు. వేర్వేరు దేశాల ఇంజిన్లను పక్కపక్కన పోల్చే పట్టికలో మాత్రం అన్నిటికీ మెట్రిక్ ఒక్కటే వాడండి. అన్నీ మెట్రిక్‌లోకి మార్చేసి అసలు అంకెల్ని తీసెయ్యడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో వివరంగా రాస్తాను.

నేను వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేసి, రిటైరయ్యాక కడపలో స్థిరపడినవాణ్ణి. ఒక షెడ్డులో ఆయిల్ ప్రెషర్ గేజి పీఎస్ఐలో (చదరపు అంగుళానికి పౌండ్లలో) ఉంటే, పక్క షెడ్డులో రష్యన్ ఇంజిన్ దగ్గర అదే గేజి చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉండేది. రెంటితోనూ పనిచేశాం. ఇప్పుడు విమానాల గురించి తెలుగులో రాసేవాళ్ళు కొందరు, అచ్చుకు పోయే ముందు లెక్కలు చూడమని నాకు పంపుతుంటారు. కింద చెప్పేదంతా అలా చూసిన వ్యాసాల్లో పదే పదే ఎదురైనదే.

ముందు బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) సంగతి. 1903లో రైట్ సోదరుల విమానానికి చార్లీ టేలర్ తయారుచేసిన ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు. బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 4 అంగుళాలు. ఆ రెండు నాలుగులు చూడగానే ఆ మనిషి ఆలోచన కళ్ళకు కడుతుంది: చిన్న వర్క్‌షాపు, చేతిలో ఉన్న లేతు, లెక్కకు సులువైన కొలత. అదే "101.6 మి.మీ. × 101.6 మి.మీ." అని రాస్తే ఆ ఆలోచన మాయమవుతుంది. చదివేవాడికి ఆ దశాంశం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. పైగా 101.6కు మిల్లీమీటరులో పదో వంతు దాకా పట్టి చేశారేమో అనిపిస్తుంది.

రెండో కారణం, అసలు అంకె ఉంటేనే తప్పు పట్టుకోగలం. రోల్స్-రాయిస్ మెర్లిన్ తీసుకోండి. 12 సిలిండర్లు, బోర్ 5.4 అంగుళాలు, స్ట్రోక్ 6 అంగుళాలు. సామర్థ్యం, అంటే సిలిండర్లన్నిటిలో పిస్టన్లు కదిలే చోటు మొత్తం, లెక్క కడితే 1,648.96 క్యూబిక్ అంగుళాలు వస్తుంది, అంటే 1,649. కానీ చాలా పుస్తకాల్లో 1,647 అని ఉంటుంది. మీ వ్యాసంలోని 26.9895 లీటర్లు ఆ 1,647 నుంచి పుట్టిందే. 1,649 నుంచి కడితే 27.02 వస్తుంది. రెండింటినీ 27 లీటర్లుగా రాసుకుంటే గొడవే లేదు. నాలుగు దశాంశాలు రాసేసరికి, మూలంలోనే తేడా ఉన్న అంకెకు లేని కచ్చితత్వం అంటగట్టినట్టయింది. అమెరికా వాళ్ళు 1917లో చేసిన లిబర్టీ ఎల్-12 ఇంజిన్ కూడా చూడండి. బోర్ 5, స్ట్రోక్ 7, 12 సిలిండర్లు. దాని లెక్క 1,649.3 క్యూబిక్ అంగుళాలు. మెర్లిన్‌కూ లిబర్టీకీ ఏ చుట్టరికమూ లేదు, అయినా సామర్థ్యం దాదాపు ఒక్కటే. అంగుళాల్లో ఉంచారు కాబట్టే ఒకటి పొడుగు స్ట్రోకు ఇంజిన్, ఇంకొకటి కాస్త పొట్టిదని కంటికి తెలుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. లెక్క కలవకపోతే వెంటనే పుస్తకం తప్పనకండి. సోవియట్ మికులిన్ ఏఎం-35కు బోర్ 160 మి.మీ., స్ట్రోక్ 190 మి.మీ. అని పెట్టి 12 సిలిండర్లకు గుణిస్తే 45.8 లీటర్లు వస్తుంది. పుస్తకాల్లో 46.66 అని ఉంటుంది. కారణం ఏమిటంటే, దానిలో ఒక వరస పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లు రెండో వరస రాడ్లకు తగిలించి ఉంటాయి. అందువల్ల ఆ వరస స్ట్రోక్ 196.7 మి.మీ. అవుతుంది. ఇలాంటి ఇంజిన్లకు రెండు స్ట్రోకులూ రాయాలి.

"బ్రిటిష్ ఇంజిన్ అంటే అంగుళాలు" అనే సూత్రం పెట్టుకోకండి. శిక్షణలో ఉన్న రోజుల్లో మా ముందు కోసి పెట్టిన జిప్సీ మేజర్ ఇంజిన్ ఒకటి ఉండేది. టైగర్ మాత్ విమానానికి బిగించేది ఇదే. సిలిండర్ అంచు మీద స్కేలు అంగుళాల వైపు పెడితే, నాలుగున్నర దాటాక ఏ గీతకూ అందకుండా మధ్యలో ఆగేది. స్కేలు తిప్పి మిల్లీమీటర్ల వైపు చూస్తే సరిగ్గా 118. స్ట్రోక్ 140. డి హావిలాండ్ వాళ్ళది పక్కా ఇంగ్లీషు కంపెనీ, అయినా ఈ ఇంజిన్ మెట్రిక్‌లో గీసినదే. దాని ముందు తరం మూలాలు వెతికితే ఫ్రాన్స్ తేలుతుంది. ఇంజిన్ డిజైనర్ ఫ్రాంక్ హాఫర్డ్ మొదట సిరస్ అనే ఇంజిన్‌ను ఫ్రెంచ్ రెనో వీ-8 భాగాలతో తయారుచేశాడు, ఆ తరువాత జిప్సీలు గీశాడు. కాబట్టి జిప్సీ మేజర్ గురించి "బోర్ 118 మి.మీ. (4.65 అంగుళాలు), స్ట్రోక్ 140 మి.మీ. (5.51 అంగుళాలు), సామర్థ్యం 6.12 లీటర్లు (374 క్యూ.అం.)" అని మెట్రిక్ ముందు రాయాలి. జెండా చూసి తేల్చకండి, డ్రాయింగు చూడండి. డ్రాయింగు దొరకదు కదా అంటారేమో. ఏ ప్రమాణంలో అంకె గుండ్రంగా కూర్చుంటుందో చూస్తే నూటికి తొంభై సార్లు తెలిసిపోతుంది.

లైసెన్సు మీద చేసిన ఇంజిన్ల దగ్గర కొంచెం ఆలోచించాలి. అమెరికాలో పాకార్డ్ వాళ్ళు చేసిన మెర్లిన్ పేరు వీ-1650. అదీ అంగుళాల ఇంజినే కాబట్టి చిక్కు లేదు. రైట్ సైక్లోన్‌ను సోవియట్ వాళ్ళు లైసెన్సు తీసుకుని ఎం-25గా చేసినప్పుడు కొలతల్ని మెట్రిక్‌లోకి మార్చుకున్నారు. ఎం-25 మీద వ్యాసం రాస్తుంటే మెట్రిక్ ముందు, సైక్లోన్ మీద రాస్తుంటే అంగుళాలు ముందు. ఒకే వ్యాసంలో రెండూ వస్తే, వ్యాసం పేరు దేనిదో దాని వరస పట్టుకోండి.

ఇక శక్తి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. హార్స్‌పవర్‌లు రెండున్నాయి. బ్రిటిష్, అమెరికన్ హెచ్‌పీ ఒకటి అంటే 745.7 వాట్లు. జర్మన్ల పీఎస్, ఫ్రెంచ్ వాళ్ళ సీవీ, రష్యన్ల హార్స్‌పవర్ మూడూ ఒకటే కొలత: సెకనుకు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తే శక్తి, అంటే 735.5 వాట్లు. తేడా ఒకటిన్నర శాతం కూడా లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వెయ్యి దాటిన ఇంజిన్లలో మాత్రం అది పది, ఇరవై హెచ్‌పీ అవుతుంది.

కర్నూలు మిత్రుడొకరు మెసర్ష్మిట్ 109 విమానం ఇంజిన్ల మీద మంచి వ్యాసం రాసి నాకు పంపారు. అందులో డైమ్లర్-బెంజ్ డీబీ 605ఏ శక్తి "1,475 హెచ్‌పీ (1,100 కిలోవాట్లు)" అని ఉంది. అసలది 1,475 పీఎస్. కిలోవాట్లలో 1,085. ఇంగ్లీషు హెచ్‌పీలో 1,455. ఆయన చూసిన ఇంగ్లీషు పుస్తకం పీఎస్ అనే మాట తీసేసి హెచ్‌పీ అని వేసింది. ఈయన దాన్ని నమ్మి 0.7457తో గుణించారు. తప్పు మీద తప్పు కూడింది. విచిత్రమేమిటంటే డీబీ 601ఏ టేకాఫ్ శక్తి 1,100 పీఎస్, అంటే 1,085 హెచ్‌పీ, 809 కిలోవాట్లు. ఒక ఇంజిన్‌కు హెచ్‌పీలో 1,085, ఇంకో ఇంజిన్‌కు కిలోవాట్లలో 1,085. ఒకదానికి పీఎస్‌లో 1,100, ఇంకోదానికి తప్పుడు లెక్కలో 1,100. ఈ రెండు ఇంజిన్ల మీద రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన ప్రమాణం ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి.

అందుకే జర్మన్, ఫ్రెంచ్, సోవియట్ ఇంజిన్లకు "1,475 పీఎస్ (1,085 కి.వా.)" అని రాయమంటాను. ఇంగ్లీషు, అమెరికన్ ఇంజిన్లకు "1,030 హెచ్‌పీ (768 కి.వా.)". రెంటికీ బ్రాకెట్లో కిలోవాట్లే ఉంటాయి కాబట్టి పాఠకుడు బ్రాకెట్లు పోల్చుకుంటే చాలు. వ్యాసం మొదట్లో ఒకే ఒక్క వాక్యంలో "పీఎస్ అంటే మెట్రిక్ హార్స్‌పవర్, 0.7355 కిలోవాట్లు" అని చెప్పెయ్యండి. మళ్ళీ మళ్ళీ వివరించక్కర్లేదు.

జర్మన్ మూలాలు నేరుగా చూసేవాళ్ళకు ఇంకో మాట. వాళ్ళు వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. "1.475 PS" తరహాలో ఉంటే వెయ్యిన్ని నాలుగువందల డెబ్బై అయిదు. "33,9" అని ఉంటే ముప్పై మూడు పాయింటు తొమ్మిది లీటర్లు. ఇది డీబీ 601 సామర్థ్యమే: బోర్ 150, స్ట్రోక్ 160 మి.మీ., 12 సిలిండర్లు, లెక్క 33.93. ఇలా బోర్, స్ట్రోక్‌లతో గుణించి చూసుకుంటే చుక్క, కామా గందరగోళం అక్కడే తేలిపోతుంది.

"మనది మెట్రిక్ దేశం కాబట్టి కిలోవాట్లు ముందు" అనే వాదన గురించి. తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది నిజమే. కానీ మన పాఠకుడి తలలో ఏముందో చూడండి. అనంతపురం రైతును బోరుకు ఏ మోటరు వేశావని అడిగితే "అయిదు హెచ్‌పీ అప్పా, ఏడున్నర వేద్దామనుకుంటే కరెంటు చాలదన్నారు" అంటాడు. బోరు లోతు అడుగుల్లో చెప్తాడు. శ్రీశైలం నిండితే పత్రికలన్నీ 885 అడుగులు, 215 టీఎంసీలు అని రాస్తాయి, వరద క్యూసెక్కుల్లో వస్తుంది. ఇవన్నీ అడుగుల లెక్కలే. అదే మనిషి పాలు లీటర్లలో, బియ్యం కిలోల్లో కొంటాడు, బండి గురించి అడిగితే సీసీ చెప్తాడు. అంటే మన పాఠకుడికి రెండు పద్ధతులూ వంటబట్టినవే. 1,030 హెచ్‌పీ అంటే అతనికి వెంటనే ఒక అంచనా వస్తుంది, ఏడున్నర హెచ్‌పీ మోటర్లు ఎన్ని కలిస్తే అంత అవుతుందో లెక్కేసుకోగలడు. 768 కిలోవాట్లు అంటే అంత త్వరగా తట్టదు. కాబట్టి అసలు ప్రమాణం ముందు ఉంచితే మన పాఠకుడికి ఏమీ ఇబ్బంది లేదు. లీటర్లు, కిలోలు మాత్రం బ్రాకెట్లో తప్పకుండా ఉండాలి. క్యూబిక్ అంగుళాలు గానీ పౌండ్లు గానీ అతనికి అందవు.

ఇప్పుడు బూస్ట్. నా మట్టుకు ఈ వ్యాసాలన్నిట్లో కష్టమైన చోటు ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. సూపర్‌చార్జర్ ఇంజిన్‌లోకి గాలిని ఎంత ఒత్తిడితో తోస్తుందో ఒక్కో దేశం ఒక్కో రకంగా చెప్పింది. బ్రిటిష్ వాళ్ళు సముద్రమట్టం దగ్గరి మామూలు గాలి ఒత్తిడి కంటే ఎంత ఎక్కువో చెప్తారు: ప్లస్ 6¼ పౌండ్లు, ప్లస్ 12 పౌండ్లు అని. ఇది చదరపు అంగుళానికి. అమెరికన్లు మొత్తం ఒత్తిడి చెప్తారు, పాదరసం అంగుళాల్లో. జర్మన్లదీ మొత్తం ఒత్తిడే, కానీ "ఏటీఏ" అనే ప్రమాణంలో, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. సోవియట్ వాళ్ళది పాదరసం మిల్లీమీటర్లలో, అదీ మొత్తమే.

1940లో 100 ఆక్టేన్ పెట్రోలు అందాక మెర్లిన్ 3కు ప్లస్ 12 పౌండ్లు వాడనిచ్చారు. మార్పిడి యంత్రంలో 12 పీఎస్ఐ అని కొడితే 83 కిలోపాస్కల్ వస్తుంది. దాన్నే బ్రాకెట్లో పెట్టినవాళ్ళను చూశాను. సముద్రమట్టం దగ్గర మామూలు గాలి ఒత్తిడే 101 కిలోపాస్కల్. అంటే ఆ వ్యాసం ప్రకారం సూపర్‌చార్జర్ గాలిని నెట్టకుండా పీల్చేస్తోందన్నమాట! సరైన పద్ధతి: ముందు 12కు 14.7 కలపాలి, 26.7 అవుతుంది, అప్పుడు మార్చాలి. 184 కిలోపాస్కల్ వస్తుంది. పాదరసంలో 54 అంగుళాలు, ఏటీఏలో 1.88.

ఈ కలపడం తెలిస్తేనే పోలిక సాధ్యం. డీబీ 605ఏకి 1.42 ఏటీఏ. 87 ఆక్టేన్ మీద మెర్లిన్ 3కు ప్లస్ 6¼. చూడ్డానికి ఒకటెక్కడ, ఆరెక్కడ అనిపిస్తుంది. మొత్తం ఒత్తిడిలోకి మారిస్తే డీబీ 139 కిలోపాస్కల్, మెర్లిన్ 144. దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. జర్మన్ ఇంజిన్ అంత తక్కువ బూస్ట్‌తో అంత శక్తి ఎలా ఇచ్చిందంటే, దాని సామర్థ్యం 35.7 లీటర్లు కాబట్టి. మెర్లిన్ 27 లీటర్లే. ఈ ఒక్క పోలిక చాలు, రెండు దేశాల ఇంజినీర్లు ఒకే సమస్యను ఎలా వేరువేరు దార్లలో తేల్చుకున్నారో పాఠకుడికి చెప్పడానికి. బూస్ట్ మార్పిడి తప్పయితే కథంతా తలకిందులవుతుంది.

రాసే తీరు ఇలా పెట్టుకోండి: "ప్లస్ 12 పౌండ్ల బూస్ట్ (మొత్తం 184 కి.పా.)". ఆ "మొత్తం" అన్న మాట వదలకండి. ముస్తాంగ్ విమానంలోని పాకార్డ్ ఇంజిన్‌కు అమెరికన్ పుస్తకాల్లో 67 అంగుళాలు అని, ఇంగ్లీషు పుస్తకాల్లో ప్లస్ 18 అని ఉంటుంది. రెండూ ఒకటే. రెండు వేర్వేరు రేటింగులని పొరబడి రెండు వరసలు రాసినవాళ్ళూ ఉన్నారు.

పేరులోని అంకెను మార్చకండి. ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 అంటే రేడియల్ (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన ఇంజిన్), సుమారు 1,830 క్యూబిక్ అంగుళాలు అని అర్థం. మన వైమానిక దళం ఎంతోకాలం నడిపిన డకోటా విమానాల ఇంజిన్ అది. బోర్, స్ట్రోక్ రెండూ 5.5 అంగుళాలు, 14 సిలిండర్లు, అసలు లెక్క 1,829.4. "ఆర్-1830 (ఆర్-30 లీటర్లు)" అని ఎక్కడో చూశాను, అలా రాయకూడదు. పేరు పేరే. సామర్థ్యం వేరే వాక్యంలో "1,829 క్యూ.అం. (30 లీ.)" అని ఇవ్వండి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో "80 హెచ్‌పీ లె రోన్", "110 హెచ్‌పీ లె రోన్" అన్నవి కూడా దాదాపు పేర్లే. వాటిని వాక్యంలో అలాగే ఉంచి, కిలోవాట్లు వివరాల పట్టికలో మాత్రం పెట్టండి. ఆక్టేన్ నంబరు, కంప్రెషన్ రేషియో, ఆర్‌పీఎం వీటికి మార్పిడే లేదు.

దశాంశాల సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. మూలంలో ఎన్ని అంకెల కచ్చితత్వం ఉందో అన్నే. రైట్ ఇంజిన్ 12 హెచ్‌పీ అంటే 9 కి.వా. చాలు, 8.948 అని రాయకండి. ఆ ఇంజిన్ వేడెక్కేకొద్దీ శక్తి తగ్గేది, మూడో దశాంశానికి అర్థమే లేదు. లిబర్టీ 400 హెచ్‌పీ అంటే 300 కి.వా. మెర్లిన్ 3 శక్తి 1,030 అని మూడు అంకెలు తెలిసి చెప్పారు, కాబట్టి 768. అది 16,250 అడుగుల ఎత్తులో అని కూడా చెప్పారు: 4,950 మీటర్లు, 4,953 కాదు. "ఇరవై వేల అడుగుల పైచిలుకు" అని మీరే ఉజ్జాయింపుగా రాసినప్పుడు బ్రాకెట్లో "6,000 మీ. పైన" అనండి. బోర్, స్ట్రోక్ మాత్రం యంత్రం మీద కోసిన కొలతలు కాబట్టి మిల్లీమీటరులో పదో వంతు దాకా ఇవ్వొచ్చు: 5.4 అంగుళాలు, 137.2 మి.మీ. అంగుళం 25.4 మి.మీ. అని 1959లో స్థిరపడింది, అంతకుముందు దేశానికీ దేశానికీ ఉన్న తేడా మనకు అంటనంత చిన్నది. దాని గురించి బెంగ వద్దు.

మార్పిడి ఎప్పుడూ అసలు అంకె నుంచి ఒక్కసారే చెయ్యాలి. స్పిట్‌ఫైర్ మొదటి రకంలో 85 ఇంపీరియల్ గ్యాలన్ల పెట్రోలు పట్టేది, 386 లీటర్లు. అమెరికన్ పుస్తకం దాన్ని 102 గ్యాలన్లు అంటుంది, వాళ్ళ గ్యాలన్ చిన్నది కాబట్టి (3.785 లీటర్లు, ఇంగ్లీషువాళ్ళది 4.546). 85ను అమెరికన్ గ్యాలన్ అనుకుని మారిస్తే 322 లీటర్లు వస్తుంది, విమానం ట్యాంకు ఆరో వంతు చిక్కిపోతుంది. ఆయిల్ ఖర్చు పైంట్లలో ఇచ్చినా ఇదే సమస్య. ఇంధన ఖర్చుకు గంటకు హెచ్‌పీకి ఇన్ని పౌండ్లు అని ఉంటే 608తో గుణించి కిలోవాట్-గంటకు గ్రాములు రాయండి. 0.5 అయితే 304 గ్రాములు.

జెట్ ఇంజిన్ల దాకా వస్తే హార్స్‌పవర్ పోయి థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) వస్తుంది. జర్మన్ జూమో 004కు 900 కిలోలు (8.8 కిలోన్యూటన్లు). బెంగళూరులో జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న హెచ్‌ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానంలో రెండు ఆర్ఫియస్ 703 ఇంజిన్లుండేవి, ఒక్కొక్కటి 4,850 పౌండ్లు (21.6 కిలోన్యూటన్లు). జెట్ థ్రస్ట్‌ను హార్స్‌పవర్‌లోకి మార్చే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు. అది విమానం వేగాన్ని బట్టి మారుతుంది.

తెలుగు వాక్యంలో బ్రాకెట్ పెట్టడం దగ్గర ఒక ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మనకు విభక్తి మాట చివర అంటుకుంటుంది. "ఈ ఇంజిన్ 1,030 హెచ్‌పీ (768 కి.వా.)ని ఇచ్చేది" అని రాస్తే ఆ "ని" బ్రాకెట్ తరువాత వేలాడుతుంది. "1,030 హెచ్‌పీని (768 కి.వా.)" అంటే కొంచెం నయం. ఇంకా మంచిది వాక్యాన్నే తిప్పుకోవడం: "ఈ ఇంజిన్ శక్తి 1,030 హెచ్‌పీ (768 కి.వా.)." నేను వాడే ఉపాయం ఇదీ: బ్రాకెట్ బయట ప్రమాణం పూర్తి పేరు, లోపల పొట్టి రూపం. "5.4 అంగుళాల (137.2 మి.మీ.) బోర్", "1,649 క్యూబిక్ అంగుళాల (27 లీ.) ఇంజిన్". పొట్టి రూపానికి విభక్తి అక్కర్లేదు కాబట్టి లోపలిది ఏ వాక్యంలోనైనా అలాగే ఉండిపోతుంది. పొట్టి రూపాలు మాత్రం అందరూ ఒకేలా రాయండి. ఒకరు "కి.వా.", ఇంకొకరు "కేడబ్ల్యూ" అంటే వరస చెడుతుంది. లక్ష దాటిన అంకెలకు మన పద్ధతిలోనే కామా పెట్టండి. మెర్లిన్‌లు సుమారు 1,50,000 తయారయ్యాయి. ఇంగ్లీషు పుస్తకంలోని 150,000ను ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే తొందరలో చదివేవాళ్ళు తడబడతారు.

పోల్చే పట్టికకు తిరిగి వస్తే, మెట్రిక్ ఒక్కటే పెట్టమన్నాను కదా, దానితోపాటు ఇంకొకటి చూసుకోండి. ఒక ఇంజిన్‌కు టేకాఫ్ శక్తి, ఇంకో ఇంజిన్‌కు ఎత్తులోని గరిష్ఠ శక్తి పక్కపక్కన పెడితే ప్రమాణాలు ఎంత సరిగ్గా ఉన్నా పోలిక తప్పే. మెర్లిన్ 61కు టేకాఫ్‌లో 1,290 హెచ్‌పీ (962 కి.వా.), 12,250 అడుగుల దగ్గర 1,565 హెచ్‌పీ (1,167 కి.వా.). ఏది తీసుకున్నారో ఆ గడి పైనే రాయండి. బరువు రాస్తే నూనె, నీళ్ళు లేని బరువా కాదా అన్నది కూడా.

మీ తరువాతి వ్యాసం వాపిటి విమానం ఇంజిన్ మీద అన్నారు. 1933 ఏప్రిల్ 1న మన వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ మొదలైంది ఆ విమానాలతోనే కాబట్టి చాలామంది చదువుతారు. దానిది బ్రిస్టల్ జూపిటర్, అంగుళాల్లో గీసినది. వివరాలు ఇలా రాయొచ్చు: "తొమ్మిది సిలిండర్ల రేడియల్. బోర్ 5.75 అంగుళాలు (146.1 మి.మీ.), స్ట్రోక్ 7.5 అంగుళాలు (190.5 మి.మీ.), సామర్థ్యం 1,753 క్యూబిక్ అంగుళాలు (28.7 లీ.)." శక్తి గడిని ఇప్పుడే నింపకండి. జూపిటర్‌లో చాలా మార్కులు (రకాలు) ఉన్నాయి, ఒక్కోదాని శక్తి ఒక్కో రకం. మీరు రాసే వాపిటికి ఏ మార్కు బిగించారో ముందు తేల్చుకుని, ఆ మార్కు పేరుతో సహా హెచ్‌పీ రాసి, పక్కన కిలోవాట్లు పెట్టండి.